పొటాషియం 3.4 వచ్చింది: మాత్రలా, సిరప్పా, తిండితోనే సరిపెట్టుకోవచ్చా?

గుణుపురం_రామం
మా అమ్మగారికి అరవై నాలుగేళ్లు. బీపీకి కొన్నేళ్లుగా అమ్లోడిపిన్, క్లోర్‌థాలిడోన్ వేసుకుంటున్నారు. రాత్రివేళ పిక్కలు పట్టేస్తున్నాయని అంటుంటే రక్తపరీక్ష చేయించాము. పొటాషియం 3.4 వచ్చింది, ఆ కాగితం మీదే 3.5 నుంచి 5.0 వరకు మామూలు అని అచ్చువేసి ఉంది. ఎప్పుడూ చూసే డాక్టరుగారు ఊళ్లో లేరు, సలహాలకు మాత్రం కరువు లేదు. అమెరికా నుంచి వచ్చిన మా పిన్నిగారి అబ్బాయి పొటాషియం గ్లూకోనేట్ మాత్రల సీసా ఒకటి ఇచ్చి వెళ్లాడు. పక్కింటివారు రోజుకు రెండు కొబ్బరిబొండాలు పట్టించమంటున్నారు. మందుల దుకాణంలో అడిగితే రెండు సిరప్‌లు చూపించి, ఒకటి క్లోరైడు, రెండోది సిట్రేటు, ఏది కావాలంటే అది తీసుకెళ్లండి అన్నారు. ఆ మాటకే నాకు భయం వేసి, ఏదీ కొనకుండా తిరిగి వచ్చేశాను.

ఆ రెండింటికీ తేడా ఏమిటి, అమెరికా మాత్రలు పనికొస్తాయా, అసలు ఈ 3.4కు మందు అవసరమా, తిండితో సరిచేయవచ్చా అన్నది తెలిసినవారు చెప్పగలరు. ఒక చిక్కు ఏమిటంటే, మా అమ్మగారు అరటిపండు ముట్టరు.

బరంపురం_బుల్లోడు
అరటిపండు ముట్టకపోతే ఇక పొటాషియం ఎక్కడి నుంచి వస్తుందండీ? రోజుకు రెండు పండ్లు తింటే ఈ సీసాల గొడవే ఉండదు.

మందులకొట్టు_మూర్తి
నేను రాయగడలో మందుల దుకాణం నడుపుతున్నాను కాబట్టి సీసాల సంగతి నేను చెబుతాను, అరటిపండు సంగతి ఇంకెవరైనా చూసుకుంటారు.

ముందుగా ఆ అమెరికా సీసా. దాని మీద ముందువైపు 595 మి.గ్రా. అని పెద్ద అక్షరాలతో ఉండవచ్చు, వెనకవైపు 99 మి.గ్రా. అని ఉంటుంది. మొదటిది గ్లూకోనేట్ మొత్తం బరువు, రెండోది అందులోని అసలు పొటాషియం. అక్కడ చీటీ లేకుండా అమ్మే మాత్రల్లో చాలావాటిని 99 మి.గ్రా. దగ్గరే ఆపేస్తారు. అంతకు మించిన పొటాషియం క్లోరైడు కొన్ని రకాల మాత్రల రూపంలో చిన్నపేగుకు పుండ్లు చేసిందని తేలడం అందుకు కారణం. రక్తంలో పొటాషియం 4 నుంచి 3కు దిగిందంటే ఒంట్లో మొత్తం మీద సుమారు 200 నుంచి 400 మిల్లీమోళ్ల లోటు ఉన్నట్టు లెక్క. ఒక మిల్లీమోల్ అంటే 39 మి.గ్రా., కాబట్టి 99 మి.గ్రా. మాత్రలో ఉన్నది రెండున్నర మిల్లీమోళ్లు మాత్రమే. నిజంగా లోటు ఉన్న మనిషికి అది సముద్రంలో కాకిరెట్ట.

ఇక్కడ దొరికే క్లోరైడు సిరప్ దానికి పూర్తిగా వేరు. సీసా తిప్పి చూస్తే 15 మి.లీ.లో పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు అని ఉంటుంది. అంటే 20 మిల్లీమోళ్లు, దాదాపు 780 మి.గ్రా. పొటాషియం, ఆ అమెరికా మాత్రలు ఎనిమిది కలిపినంత. నెమ్మదిగా కరిగే 600 మి.గ్రా. క్లోరైడు మాత్రలో 8 మిల్లీమోళ్లు ఉంటాయి. సిట్రేటు సిరప్ ఇంకా గట్టిది. మామూలుగా దొరికే రకంలో 5 మి.లీ.లో 1100 మి.గ్రా. పొటాషియం సిట్రేటు ఉంటుంది, అదే 10 మిల్లీమోళ్లు. మూత్రంలో మంట అంటూ వచ్చి రోజుకు మూడు పూటలా దాన్ని తాగేవారు ఎందరో ఉన్నారు, అందులో పొటాషియం ఉందని వారిలో ఎక్కువమందికి తెలియదు.

రెండింటికీ పని వేరు. బీపీకి, కాళ్ల వాపుకు వాడే, మూత్రాన్ని ఎక్కువ చేసే నీటి మాత్రల (క్లోర్‌థాలిడోన్ అటువంటిదే) వల్ల పొటాషియం పోతే దానితోపాటు క్లోరైడు కూడా పోతుంది, కాబట్టి పూడ్చడానికి క్లోరైడే సరైనది. సిట్రేటు ఒంట్లో క్షారాన్ని పెంచుతుంది. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారికి, ఒంట్లో ఆమ్లం పేరుకుని పొటాషియం తగ్గినవారికి డాక్టర్లు రాస్తారు. ఏది కావాలంటే అది తీసుకోమని చెప్పడం మాత్రం దుకాణదారు చేయవలసిన పని కాదు.

నాగావళి_నాయుడు
మూర్తిగారు దుకాణదారై ఉండి ఏది పడితే అది కొనవద్దని చెప్పడం ఈ వేదికలో రాసిపెట్టుకోవలసిన రోజు. అయితే నాకొక సందేహం. మా తాతలకు క్లోరైడూ తెలియదు, సిట్రేటూ తెలియదు. చోడి (రాగి) అంబలి తాగి, ఎండలో నాగలి పట్టారు. ఇప్పుడు ప్రతిదానికీ ఒక పరీక్ష, ప్రతి పరీక్షకూ ఒక సీసా. 3.5 మామూలు అయినప్పుడు 3.4 జబ్బు ఎలా అవుతుంది?

పర్లాకిమిడి_మాస్టారు
నాయుడుగారు, మీ తాతగారు క్లోర్‌థాలిడోన్ వేసుకోలేదు. తేడా అక్కడే ఉంది. ఆ మాత్ర చేసే పనే మూత్రంలోకి ఉప్పును పంపడం, ఆ దారిలో పొటాషియం కూడా వెళ్లిపోతుంది. 3.4 దానంతట అది జబ్బు కాదు, కానీ అది ఎటు నడుస్తున్నదో చూడాలి. ఆర్నెల్ల కిందట 4.2 ఉండి ఇప్పుడు 3.4 అయితే ఒక మాట, ఎప్పుడూ 3.5 దగ్గరే తచ్చాడుతుంటే ఇంకొక మాట. రామంగారు పాత కాగితాలు ఏమైనా ఉంటే వెతకగలరు.

గుణుపురం_రామం
మాస్టారు, పాత కాగితం దొరికింది. నిరుడు సంక్రాంతి ముందు చేయించినది, అందులో 4.0 ఉంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అప్పుడు 0.9. ఈసారి క్రియాటినిన్ చేయించలేదు.

మందులకొట్టు_మూర్తి
అది చేయించకుండా పొటాషియం సీసా మూత తీయవద్దు. ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపవలసినవి మూత్రపిండాలే. అవి సరిగా పనిచేస్తుంటే తిండిలో కాస్త ఎక్కువ తక్కువలు సర్దుకుంటాయి. పనిచేయకపోతే అదే సిరప్ గుండెను ఆపగలదు.

పోషణ_పద్మ
నేను కొరాపుట్ ప్రాంతంలో ఆహార సలహాదారుగా పనిచేస్తున్నాను. అరటిపండు గురించి బుల్లోడుగారికి జవాబు చెప్పవలసి ఉంది కనుక రాస్తున్నాను.

అరటిపండులో పొటాషియం ఉన్న మాట నిజమే, 100 గ్రాములకు దాదాపు 350 మి.గ్రా. కానీ మన వంటింట్లో దాన్ని మించినవి చాలా ఉన్నాయి, వాటి మీద ఎవరి దృష్టీ పడదు. పచ్చి కందిపప్పు 100 గ్రాములలో 1300 మి.గ్రా. పైనే ఉంటుంది. మనిషి పూటకు 40 గ్రాముల పప్పు తిన్నా ఐదు వందలు దాటుతుంది, అంటే ఒకటిన్నర అరటిపండు. తోటకూర 100 గ్రాములలో సుమారు 600, బంగాళదుంపలో 400 పైన, చేమదుంపలో దాదాపు 600, వేరుశనగ గుప్పెడులో 200, గ్లాసుడు పెరుగులో 300 వరకు ఉంటాయి. చోళ్లలో 100 గ్రాములకు 400 ఉంటుంది. ఈ కొండ ప్రాంతంలో రోజూ తాగే మాండియా పేజ్, అంటే చోడి గంజి, ఊరికే ఆకలి తీర్చేది కాదు. అన్నం మాత్రం ఈ విషయంలో పేదది: వండిన అన్నం 100 గ్రాములలో 35 మి.గ్రా. దగ్గర ఉంటుంది. పప్పుచారు నీళ్లగా పోసుకుని పళ్లెం నిండా అన్నం తినేవారికి కడుపు నిండుతుంది, పొటాషియం రాదు.

ఎంత కావాలి అన్న ప్రశ్నకు వద్దాము. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం పెద్దలకు రోజుకు 3500 మి.గ్రా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో కనీసం 3510 అని చెప్పింది. అమెరికాలో 2019లో సరిచేసిన లెక్క ఆడవారికి 2600, మగవారికి 3400. ఈ అంకెలను చూసి సీసా కొనవలసిన అవసరం ఏమీ లేదు. పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం ముద్దపప్పు, తోటకూర వేపుడు, రాత్రి బంగాళదుంప కూర, రెండు పూటలా పెరుగు, మధ్యలో గుప్పెడు వేరుశనగపప్పు, ఏదో ఒక పండు, వీటికి అన్నంలోనూ ఇతర కూరగాయల్లోనూ ఉన్నది కలిపితే మూడు వేలు దాటి వెళుతుంది. మన ఒడియా ఇరుగుపొరుగులు చేసే దాల్మా అయితే ఒక్క గిన్నెలోనే పప్పు, కంద, అరటికాయ, గుమ్మడి అన్నీ వచ్చేస్తాయి. రామంగారి అమ్మగారు అరటిపండు ముట్టకపోయినా అరటికాయ తింటారేమో అడగండి.

గుణుపురం_రామం
అరటికాయ బజ్జీ అయితే నేను తినేలోపే అయిపోతుంది.

బరంపురం_బుల్లోడు
బజ్జీని పొటాషియం ఖాతాలో రాసుకోవచ్చా పద్మగారు? నేను ఇప్పుడే లెక్క మొదలుపెడతాను.

పోషణ_పద్మ
రాసుకోండి, ఉప్పు ఖాతాలో కూడా రాసుకోండి. బీపీ ఉన్నవారికి పొటాషియం పెంచమని చెప్పేది సోడియం తగ్గిస్తూ చేయమని. బజ్జీ, ఆవకాయ, అప్పడం, ఎండుచేప పక్కన పెట్టుకుని రెండు గ్లాసుల కొబ్బరినీళ్లు తాగితే ప్రయోజనం ఏముంటుంది? పైగా నీటి మాత్ర వేసుకునేవారు ఉప్పు ఎక్కువ తింటే మూత్రంలో పొటాషియం మరింత పోతుంది. రామంగారి ఇంట్లో ఊరగాయ వాడకం ఎంతో నాకు తెలియదు, కానీ అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

వంశధార_ఒడ్డు
చద్దన్నం, తరవాణి మాట ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో ఎండాకాలమంతా పఖాళే, అదే ఒడియావారి నీళ్లన్నం. దానిలో పొటాషియం దండిగా ఉంటుందని చదివాను.

పోషణ_పద్మ
అన్నంలో లేనిది నీళ్లలో నానబెట్టినంత మాత్రాన పుట్టదండీ. ఉన్న కాస్తా నీళ్లలోకి దిగుతుంది, ఆ నీళ్లు కూడా తాగుతారు కాబట్టి పోదు, అంతే. గంజి వార్చి పారబోసే ఇళ్లలో అది కూడా పోతుంది. పఖాళతో పాటు నంజుకునే ఆలూ చకటా (మెదిపిన బంగాళదుంప), కాల్చిన వంకాయ, వేయించిన ఆకుకూర, వీటిలో ఉంది మీరు అడిగినది.

కూరగాయల విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. ఆకుకూరను ముందు ఉడకబెట్టి నీళ్లు పిండి పారబోసి, తరువాత తాలింపు పెడితే పొటాషియంలో పెద్ద భాగం కాలువ పాలవుతుంది. పొటాషియం కావాలనుకునేవారు ఆ నీళ్లలోనే పప్పు కలుపుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించుకోవలసినవారు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా, దుంపలను సన్నగా తరిగి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీటిని వార్చేయాలి.

ఇచ్ఛాపురం_ఆడపడుచు
పద్మగారి చివరి మాట దగ్గరే నేను కలగజేసుకోవాలని ఇంతసేపూ చూస్తున్నాను. మా పుట్టిల్లు ఉద్దానం, మెట్టినిల్లు బరంపురం. కవిటి, సోంపేట, పలాస వైపు ఏ వీధిలోకి వెళ్లినా మూత్రపిండాల జబ్బు మనిషి ఉంటారు, ఆ జబ్బు ఎందుకు వస్తున్నదో ఇప్పటికీ గట్టిగా తేలలేదు. అదే నేలలో కొబ్బరితోటలు. పలకరించడానికి వచ్చినవారికి ముందు బొండం కొట్టి ఇవ్వడం మా మర్యాద. మా పెదనాన్నగారికి డయాలసిస్ జరుగుతున్న రోజుల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం నీరసంగా ఉందని ఇంట్లోవాళ్లే ప్రేమగా రెండు బొండాలు పట్టించారు. సాయంత్రానికి కాళ్లలో సత్తువ లేదు, గుండె నెమ్మదించింది. ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీసి, రక్తం ఫలితం వచ్చేదాకా ఆగకుండానే కాల్షియం ఇంజెక్షన్, ఇన్సులిన్‌తో గ్లూకోజు ఇచ్చి, అటునుంచి అటే డయాలసిస్‌కు పంపారు. పొటాషియం 7.1 అని తరువాత చెప్పారు.

కొబ్బరినీళ్లలో 100 మి.లీ.కు 200 నుంచి 250 మి.గ్రా. వరకు పొటాషియం ఉంటుందని అక్కడి నర్సమ్మ చెప్పారు. ఆరోగ్యవంతునికి అది అమృతమే. రోజుకు రెండు బొండాలు పట్టించమని పక్కింటివారు చెప్పేముందు, ఆ మనిషి క్రియాటినిన్ ఎంతో అడిగితే బాగుంటుంది.

నాగావళి_నాయుడు
ఇది నాకు తెలియదు. మా బావగారికి షుగరు, క్రియాటినిన్ 2.3, ఆయన ప్రతి ఆదివారం బొండం తాగుతారు. ఈ రోజే ఫోన్ చేస్తాను.

ల్యాబ్_లక్ష్మణ్
పరీక్ష చేసేవాడిగా ఒక మాట. అందరూ అంకెను నమ్ముతున్నారు, అది ఎలా వచ్చిందో చూడడం లేదు. ఒంట్లోని పొటాషియంలో 98 శాతం కణాల లోపలే ఉంటుంది, మేము కొలిచేది బయట ఉన్న ఆ మిగిలిన రెండు శాతాన్ని. రక్తం తీసేటప్పుడు చేతికి పట్టీ బిగించి, పిడికిలి పదేపదే మూసి తెరవమంటే కండరం నుంచి పొటాషియం బయటికి వచ్చి అంకె పెరుగుతుంది. సన్న సూదితో బలంగా లాగితే ఎర్ర కణాలు పగిలి ఇంకా పెరుగుతుంది.

మా వైపు అసలు ఇబ్బంది దూరం. కొండమీది పల్లెల నుంచి ఉదయం తీసిన రక్తం, అపకేంద్ర యంత్రంలో తిప్పి సీరం వేరుచేయకుండా, ఐసు డబ్బాలో పెట్టి సాయంత్రానికి పట్నం చేరుతుంది. చల్లదనానికి కణాల్లోని పంపులు మందగించి పొటాషియం బయటికి కారుతుంది. అటువంటి గొట్టంలో 5.9 వచ్చిన ఒక పెద్దావిడను హడావుడిగా కారు కట్టించి తీసుకొచ్చారు. అప్పటికప్పుడు తీసి చేస్తే 4.4 ఉంది. అందుచేత ఒక్క అంకెతో భయపడకూడదు, ఒక్క అంకెతో ధైర్యపడకూడదు కూడా: అటువంటి గొట్టంలో 4.0 కనబడినా అసలు 3.3 అయి ఉండవచ్చు.

గుణుపురం_రామం
అయితే మా అమ్మగారి 3.4 తప్పు అయ్యే అవకాశం ఉందా?

ల్యాబ్_లక్ష్మణ్
పైన చెప్పిన తప్పులన్నీ అంకెను పెంచేవే. ఆలస్యం జరిగి కూడా 3.4 వచ్చిందంటే అసలు ఇంకా తక్కువ ఉండవచ్చు. మళ్లీ చేయించేటప్పుడు క్రియాటినిన్‌తో పాటు మెగ్నీషియం కూడా అడగండి. నీటి మాత్రలు దాన్నీ బయటికి పంపుతాయి. అది తక్కువగా ఉన్నంతకాలం ఎంత పొటాషియం పోసినా మూత్రంలోకే పోతుంది.

జయపురం_జానకి
పొటాషియం తగ్గడానికి నీటి మాత్రలే కారణం కానక్కరలేదు. మా చిన్న మరిదికి ఇరవై ఆరేళ్లు, ఏ మందూ వేసుకోడు. ఒక పెళ్లిలో రాత్రి లడ్డూలు, పులిహోర పట్టుపట్టి తిని పడుకుని, తెల్లవారేసరికి కాళ్లు కదపలేకపోయాడు. మాట బాగుంది, స్పృహ బాగుంది, లేవబోతే మాత్రం తొడలు మాట వినవు. ఊళ్లో గాలి సోకిందని ఒకరు, పక్షవాతమని ఇంకొకరు. ఆసుపత్రిలో పొటాషియం 2.1. తరువాత పరీక్షల్లో తేలింది ఏమిటంటే, థైరాయిడ్ అతిగా పనిచేస్తున్నదట. అటువంటివారిలో పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నా, బాగా శ్రమించి విశ్రమించినా పొటాషియం ఒక్కసారిగా కణాల్లోకి దూరిపోతుందని, ఒంట్లోంచి పోదని చెప్పారు. అందుకే మందు కూడా ఆచితూచి ఇచ్చారు. దూరినది తిరిగి వచ్చాక అంకె పైకి ఎగబాకుతుందట. థైరాయిడ్‌కు వైద్యం జరిగాక మళ్లీ రాలేదు. ఆ పరీక్షలు చేయకుండా వాడికి పొటాషియం సీసా ఒక్కటే ఇచ్చి ఇంటికి పంపి ఉంటే అసలు జబ్బు తెలిసేది కాదు.

వంశధార_ఒడ్డు
దగ్గుకు అతిమధురం వాడేవారి సంగతి కూడా చెప్పాలి. మా మేనత్తగారు గొంతుకు మంచిదని నెలల తరబడి ఆ వేరు నములుతూ, పొడిని పాలలో కలుపుకుని తాగేవారు. బీపీ పెరిగింది, పొటాషియం పడిపోయింది. డాక్టరుగారు మందులన్నీ వెతికి వెతికి, చివరకు వంటింట్లో ఏమేమి వాడుతున్నారని అడిగితే బయటపడింది. మానేశాక కొన్ని వారాలకు రెండూ సర్దుకున్నాయి. తాంబూలంలో చిన్న ముక్క వేసుకుంటే ఏమీ కాదు, రోజూ చెంచాలకొద్దీ తింటే అది మందే.

నాగావళి_నాయుడు
ఇప్పుడు సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు కొట్లో దొరుకుతున్నది. అది వాడితే ఒకే దెబ్బకు రెండు పనులూ అయిపోతాయి కదా? సీసాలూ వద్దు, లెక్కలూ వద్దు.

పర్లాకిమిడి_మాస్టారు
నాయుడుగారు ఈసారి సరైన చోట చెయ్యి పెట్టారు. చైనాలో ఆరు వందల పల్లెల్లో దాదాపు ఇరవై ఒక్క వేల మందితో ఐదేళ్లపాటు జరిపిన పరిశోధన 2021లో వెలువడింది. నాలుగింట ఒక వంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు వాడిన పల్లెల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది. వారంతా అప్పటికే పక్షవాతం వచ్చినవారు, లేదా అరవై దాటి బీపీ ఉన్నవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025 జనవరిలో పెద్దలకు మామూలు ఉప్పు బదులు ఇటువంటి ఉప్పు వాడవచ్చని సూచించింది. అయితే ఆ సూచన గర్భిణులకు, పిల్లలకు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి, పొటాషియం బయటికి పోని ఇతర స్థితుల్లో ఉన్నవారికి వర్తించదని కూడా అందులోనే ఉంది.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. మన ఇళ్లలో ఉప్పుడబ్బా ఒక్కటే. అమ్మగారికి మంచిదని తెచ్చిన ఉప్పు, అదే వంటలో, క్రియాటినిన్ పెరిగిన నాన్నగారికి కూడా పడుతుంది. పెద్దవాళ్లున్న ఉమ్మడి కుటుంబంలో ఆ పొట్లం విప్పేముందు ఇంటిల్లిపాదీ మందుల జాబితా చూసుకోవలసిందే.

బరంపురం_బుల్లోడు
మాస్టారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవించను. ఒక్కరి కోసం పదిమందికి మేలు చేసే ఉప్పును ఆపేస్తామా? ఆ ఒక్కరికి కూర విడిగా తీసి ఉప్పు వేస్తే సరిపోతుంది. షుగరు వారికి కాఫీ విడిగా కలపడం లేదా?

పర్లాకిమిడి_మాస్టారు
మీ ఇంట్లో వంట చేసేది మీరైతే ఆ సలహా ఒప్పుకుంటాను.

ఇచ్ఛాపురం_ఆడపడుచు
మాస్టారికి నా ఓటు.

మందులకొట్టు_మూర్తి
మందుల జాబితా అన్నారు కాబట్టి చెబుతున్నాను. బీపీకి వాడే టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్ పొటాషియాన్ని ఒంట్లో నిలుపుతాయి. గుండె, కాలేయ రోగులకు ఇచ్చే స్పైరొనొలాక్టోన్ ఇంకా గట్టిగా నిలుపుతుంది. మోకాళ్ల నొప్పులకు సొంతంగా కొనుక్కునే డైక్లోఫినాక్ వంటి మాత్రలు, కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ కూడా పెంచేవే. ఎదురుదిక్కున ఫ్యూరోసెమైడ్, టోర్సెమైడ్, క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్, స్టెరాయిడ్లు, రోజూ వాడే విరేచనాల మందు, ఇవి పొటాషియాన్ని తగ్గించేవి. ఆయాసానికి పట్టే సాల్బ్యుటమాల్ కూడా కాసేపు తగ్గిస్తుంది. ఒకే మాత్రలో టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ రెండూ ఉన్నవి రోజూ అమ్ముతుంటాను, ఒకటి పైకి లాగుతుంది, ఒకటి కిందికి. వాళ్ల పొటాషియం ఎటు పోతుందో పరీక్ష చేయకుండా నేను చెప్పలేను, డాక్టరు కూడా చెప్పలేరు.

నా అనుభవంలో ఎక్కువ ప్రమాదం చూసినది ఒక్క జతలో: స్పైరొనొలాక్టోన్ వాడుతున్న మనిషి, రాళ్ల కోసం ఇంకొక డాక్టరు రాసిన సిట్రేటు సిరప్. ఇద్దరు డాక్టర్లూ తప్పు రాయలేదు, ఒకరి చీటీ ఒకరు చూడలేదు.

గుణుపురం_రామం
ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాము. క్రియాటినిన్ 0.9, పొటాషియం ఈసారి 3.3. డాక్టరమ్మగారు ముందుగా అడిగినది క్లోర్‌థాలిడోన్ ఎంత అని. 25 మి.గ్రా. అన్నాము. దాన్ని 12.5కు తగ్గించి, టెల్మిసార్టాన్ కలిపారు. సిరప్ రాయలేదు, రెండు వారాల తరువాత పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చేయించమన్నారు, అప్పటికీ పెరగకపోతే మెగ్నీషియం చూస్తామన్నారు. పిక్కలు పట్టడం గురించి అడిగితే, ఈ వయసులో దానికి కారణాలు చాలా ఉంటాయి, 3.4 వల్లనే అని నేను చెప్పను అన్నారు. ఊరగాయ తగ్గించమన్నారు. అది విన్నాక మా అమ్మగారికి ఆ డాక్టరమ్మగారి మీద గౌరవం కాస్త తగ్గింది.

పోషణ_పద్మ
టెల్మిసార్టాన్ కలిసింది కాబట్టి, ఆ రెండు వారాల పరీక్ష వచ్చేవరకు తిండిలో మామూలు పప్పు, ఆకుకూర, పెరుగు చాలు. కొబ్బరినీళ్లు రోజూ తాగడం, పొటాషియం ఉప్పు మొదలుపెట్టడం ఇప్పుడు వద్దు. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే అంకె ఎందుకు మారిందో ఎవరికీ తెలియదు.

జయపురం_జానకి
సిరప్ రాసినవారికి ఎలా తాగాలో కూడా ఎవరైనా చెబితే మేలు. మా ఇంట్లో మరిది దాన్ని మూతతో నేరుగా నోట్లో పోసుకుని, కడుపులో మంటతో రాత్రంతా కూర్చున్నాడు.

మందులకొట్టు_మూర్తి
నేరుగా ఎప్పుడూ తాగకూడదు. అన్నం తిన్న తరువాత, కనీసం అరగ్లాసు నీళ్లలో కలిపి, ఐదు పది నిమిషాలు గుటకలు గుటకలుగా తాగాలి. ఉప్పగా, చేదుగా, నాలుకకు పట్టుకునే రుచి. చల్లటి నీళ్లయితే కాస్త నయం. నెమ్మదిగా కరిగే మాత్రలైతే నలపకూడదు, నమలకూడదు, నిండు గ్లాసు నీళ్లతో కూర్చుని మింగి, వెంటనే పడుకోకూడదు. గొంతులోనో పేగులోనో ఒకచోట ఆగితే అక్కడే పుండు పడుతుంది. కొన్ని రకాల మాత్రల పై తొడుగు విరేచనంలో అలాగే కనిపిస్తుంది, అది చూసి మందు ఒంటికి పట్టలేదని ఇంకొకటి వేసుకున్నవారు ఉన్నారు. లోపలి మందు అప్పటికే కరిగిపోయి ఉంటుంది.

బరంపురం_బుల్లోడు
విరేచనాలు అయినప్పుడు ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లంలో కూడా పొటాషియం ఉంటుంది కదా? ఎండదెబ్బకు రోజూ తాగవచ్చా?

పోషణ_పద్మ
ఉంటుంది. లీటరు నీటికి కలిపే పొట్లంలో పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, అంటే 20 మిల్లీమోళ్లు. విరేచనాలు, వాంతులు అయినప్పుడు అదే ప్రాణం నిలిపేది. ఏ జబ్బూ లేకుండా ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని తాగడానికి మాత్రం కాదు, దానిలో సోడియం కూడా గట్టిగానే ఉంటుంది. మీకు మజ్జిగ చాలు.

సిరోంచ_రాజన్న
నేను గడ్చిరోలి జిల్లా నుంచి, ఇన్నాళ్లూ చదువుతూ వస్తున్నాను. మా బాపుకు గుండె జబ్బు. డిగాక్సిన్, టోర్సెమైడ్ రెండూ వాడుతున్నాడు. పొటాషియం ఎప్పుడూ చూపించలేదు. నాలుగైదు రోజుల నుంచి అన్నం సహించడం లేదు, వికారం అంటున్నాడు, గుండె ఒక్కోసారి తప్పిపోయినట్టు కొట్టుకుంటున్నదంటున్నాడు. మా ఇంట్లో గెణుసుగడ్డలు బాగా తింటాము, అవి పెంచితే సరిపోతుందా, లేక మంచిర్యాలకు తీసుకుపోవాలా?

మందులకొట్టు_మూర్తి
రాజన్నగారు, గెణుసుగడ్డల మాట తరువాత చూసుకోవచ్చు. పొటాషియం తగ్గినప్పుడు డిగాక్సిన్ మామూలు మోతాదులోనే విషమవుతుంది, అన్నం సహించకపోవడం, వికారం, గుండె లయ తప్పడం దాని గుర్తులే కావచ్చు. తరువాతి డిగాక్సిన్ మాత్ర వేసేముందే రాసిన డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడండి, ఈ రోజే తీసుకువెళ్లండి. మాత్రల అట్టలన్నీ వెంట తీసుకువెళ్లి, ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ అడగండి. వీలైతే డిగాక్సిన్ స్థాయి కూడా.

ల్యాబ్_లక్ష్మణ్
డిగాక్సిన్ స్థాయికి రక్తం ఇచ్చేటప్పుడు చివరి మాత్ర ఎన్ని గంటలకు వేశారో తప్పక చెప్పండి. వేసిన ఆరు గంటల లోపు తీస్తే ఆ అంకె పనికిరాదు. పొటాషియానికి ఆ గడువు లేదు, వెళ్లగానే తీయించండి.

సిరోంచ_రాజన్న
బండి మాట్లాడాను, బయలుదేరుతున్నాము. అట్టలన్నీ సంచిలో వేశాను.